మోకీలు మార్పిడిలో లోహం వంతు, కండరం వంతు

విశాఖపట్నంలో చాలామందికి మోకాలి అరుగుదల మొదట తెలిసేది మెట్ల మీదే. మాధవధార వైపు నుంచి సింహాచలం కొండకు మెట్ల దారిన వెళ్లి వచ్చేవారు గానీ, లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల్లో ఉండేవారు గానీ ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉందని డాక్టరుతో చెబుతుంటారు. అది వట్టి భ్రమ కాదు. బెర్లిన్ పరిశోధకులు కృత్రిమ కీలు లోపలే సెన్సర్లు అమర్చి కొలిచినప్పుడు, చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలిపై శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైగా, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు భారం పడుతున్నట్లు తేలింది. అంటే 70 కిలోల మనిషి ఒక్కో మెట్టు దిగినప్పుడు ఆ కీలు సుమారు 240 కిలోల ఒత్తిడిని తట్టుకోవాలి.

ఆ ఒత్తిడిని ఓర్చుకునేది ఎముకల చివర్లలో, చిప్ప లోపలివైపు పరుచుకుని ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మృదులాస్థి, అంటే అందరూ గుజ్జు అనేది. దానిలో రక్తనాళాలు లేవు కాబట్టి అరిగిన చోట మళ్లీ పెరగడం దాదాపు జరగదు. నరాలు కూడా లేవు కాబట్టి అరుగుతున్న సంగతి ఏళ్ల తరబడి తెలియదు. నొప్పి పుట్టేది దాని అడుగునున్న ఎముకలో, కీలును కప్పి ఉంచే పొరలో. ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతున్నా రైతుబజారుకు నడిచి వెళ్లి వచ్చేవారున్నారు, కొద్దిపాటి అరుగుదలకే రాత్రి నిద్ర పట్టనివారూ ఉన్నారు. కాబట్టి ఆపరేషన్ ఎప్పుడన్నది ఫిల్మును బట్టి కాక, నొప్పి రోజువారీ బతుకును ఎంత కుదించిందో చూసి నిర్ణయించుకోవాలి. బరువు తగ్గడం, తొడ కండరానికి వ్యాయామం, నొప్పి మందులు, అవసరమైతే కీలులోకి ఇంజక్షన్, ఇవన్నీ కొన్ని నెలలపాటు నిజాయితీగా ప్రయత్నించాకే శస్త్రచికిత్స మాట. గుజ్జు పెంచుతాయని అమ్మే మాత్రల మీద పెట్టే డబ్బు చాలావరకు వృథాయే.

శస్త్రచికిత్సలో మోకాలంతా తీసి కొత్తది పెడతారని చాలామంది భయపడతారు. నిజానికి తొడ ఎముక చివర, కింది ఎముక తల, రెండింటి నుంచీ సుమారు ఒక సెంటీమీటరు మందాన మాత్రమే కోసి తీస్తారు. చెక్క చక్రానికి ఇనుప పట్టా తొడిగినట్లు, మిగిలిన ఎముకకు కొత్త ఉపరితలం తొడుగుతారు. పైన కోబాల్ట్–క్రోమియం మిశ్రమలోహం, కింద ఎక్కువగా టైటానియం పళ్లెం, రెంటి నడుమ గుజ్జు చేసే పని చేయడానికి పాలిఇథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ ఉంటాయి. వీటిని ఎముకకు సాధారణంగా ఎముక సిమెంటుతో అతికిస్తారు. చాలామందికి నడుము కింద మాత్రమే మత్తు ఇస్తారు; పని ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది. అందులో నేర్పు అవసరమయ్యేది కోతలో కంటే, కాలు చాపినప్పుడూ మడిచినప్పుడూ రెండు పక్కల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు సమానంగా బిగిసి ఉండేలా సరిచూడటంలో.

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ ఏనుగు దంతంతో చేసిన కీలును అమర్చి చూశాడు గానీ ఇన్ఫెక్షన్ ఆ ప్రయత్నాన్ని సాగనివ్వలేదు. ఇప్పటి నమూనాలకు మూలమైనది 1974లో న్యూయార్క్‌లో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ పరికరాల ధరలకు పరిమితి విధించింది. అప్పుడు సాధారణ కోబాల్ట్–క్రోమియం సెట్టుకు పన్ను కాకుండా రూ.54,720 గరిష్ఠ ధరగా నిర్ణయించారు. ఆసుపత్రి బిల్లులో పరికరం ధర విడిగా చూపమని అడగడానికి రోగి బంధువులు మొహమాటపడనక్కరలేదు.

మధుమేహం ఉన్నవారు ముందుగా చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. పుచ్చిన పన్ను, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలివేళ్ల మధ్య ఒరుపు వంటివి కూడా ముందే నయం చేయించుకోవాలి, ఎందుకంటే లోహం మీద చేరిన సూక్ష్మక్రిములను మందులతో వదిలించడం చాలా కష్టం.

అసలు కథ ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. అదే రోజు గానీ మర్నాడు గానీ వాకరు పట్టించి నిలబెడతారు. రక్తం కాళ్లలో గడ్డకట్టకుండా మందులతో పాటు ఇదీ తోడ్పడుతుంది. లోహం ఆ క్షణం నుంచే బరువు మోయగలదు, మోయలేనిది తొడ ముందు కండరం. కీలు వాచినప్పుడు మెదడు ఆ కండరానికి పంపే ఆదేశాలను తగ్గిస్తుంది కనుక, మొదటి నెలలో దాని బలం సగానికి పైగా పడిపోతుంది. మంచం మీద పడుకుని మడమను పరుపు మీదే ఆనించి మెల్లగా పిరుదుల వైపు లాక్కోవడం, మళ్లీ చాపడం, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలి వెనుక భాగాన్ని పరుపుకేసి అదమడం, ఈ చిన్న పనులే చెమటలు పట్టిస్తాయి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు ఇవి చేస్తే సులువుగా ఉంటుంది. మోకాలి కింద దిండు పెట్టుకోవడం హాయిగానే ఉంటుంది, కానీ అలవాటైతే కాలు పూర్తిగా చాపుకోలేని వంకర మిగిలిపోతుంది. ఇంటికి పరామర్శకు వచ్చేవారు ప్రేమతో ముందుగా అందించేది ఆ దిండే!

నడవడానికి సుమారు 67 డిగ్రీలు, మెట్లెక్కడానికి 83, కుర్చీలోంచి లేవడానికి 93 డిగ్రీల మడత కావాలి. మంచి ఫలితం వచ్చిన కృత్రిమ కీలు 110 నుంచి 120 దాకా మడుస్తుంది. మఠం వేసుకుని కూర్చోవడానికి, గొంతుక్కూర్చోవడానికి ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి; కొందరు చేయగలిగినా పాలిఇథిలీన్ దిమ్మ మీద ఒత్తిడి పెరుగుతుందని చాలామంది వైద్యులు వద్దంటారు. అందువల్ల పాశ్చాత్య మరుగుదొడ్డి, కత్తిపీటకు బదులు బల్ల మీద కూరగాయలు తరుక్కోవడం, పూజ దగ్గర కుర్చీ వంటి ఏర్పాట్లు ఇంట్లో ముందే జరగాలి.

కుట్లు రెండు వారాలకు తీస్తారు. ఆరు వారాలకు చాలామంది కర్రతో గానీ కర్ర లేకుండా గానీ నడుస్తారు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. తెల్లవారుజామున వాహనాలను ఆపే బీచ్ రోడ్డు ఈ దశలో నడకకు అనువైనది. పక్కనే ఉన్న ఇసుకలోకి మాత్రం ఇంకా దిగకూడదు, అడుగు నిలవని చోట బలహీనమైన తొడ కండరం కాలును ఆపలేదు. కోత బయటి పక్కన చర్మం మొద్దుబారడం, కొన్ని నెలల దాకా కీలు వెచ్చగా ఉండటం, నడకలో టక్కుమనే చప్పుడు రావడం మామూలే. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి వచ్చినా, గాయం నుంచి రసి కారినా, చలిజ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే సర్జనుకు చూపించాలి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ మొదలైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. అప్పటికీ ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఫలితంతో సంతృప్తి చెందరని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆపరేషన్‌కు ముందే ఈ మాట చెప్పే డాక్టరును నమ్మవచ్చు. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం నూటికి 82 కీళ్లు 25 ఏళ్లు నిలుస్తాయి. డెబ్బై ఏళ్లవారికి అది జీవితకాలానికి సరిపోతుంది. యాభై ఏళ్లకే చేయించుకున్నవారికి రెండోసారి మార్చే అవకాశం పెరుగుతుంది, రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కఠినం. దిమ్మ అరుగుతున్నా, కీలు వదులవుతున్నా చాలాకాలం నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి, హాయిగా నడుస్తున్నవారు కూడా సర్జను చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోవాలి.