శనగల సీసా

చిరంజీవులు చిన్నీ, బుజ్జిలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఊళ్లో పందుల్ని ఊరవతలకి తోలేస్తున్నారనీ, అడిగితే మెదడువాపు జ్వరం అన్నారనీ రాశారు. "మెదడు ఎలా వాస్తుంది తాతయ్యా?" అన్న బుజ్జి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను.

మోకాలు వాస్తే చర్మం సాగుతుంది. తలలో ఆ వీలు లేదు. చిన్నప్పుడు నేనో ఘనకార్యం చేశాను. గాజుసీసా నిండా ఎండు శనగలు కుక్కి, నీళ్లు పోసి, బిరడా బిగించి అటక మీద దాచాను. తెల్లారేసరికి సీసా పగిలి అటకంతా శనగలు. మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. పుర్రె కూడా అలాంటి సీసాయే. కాకపోతే అది పగలదు, లోపల మెదడే నలిగిపోతుంది. అందుకే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం. నెలల పిల్లలకి మాడు మెత్తగా ఉంటుంది కదా, అది పైకి ఉబ్బుతుంది. అంటే వాళ్ల సీసాకి బిరడా వదులన్నమాట! సరే, శనగలు చాలించమంటోంది మీ అమ్మమ్మ.

ఇక పంది సంగతి. ఈ జ్వరాల్లో ఒకటి జపనీస్ ఎన్‌సెఫలైటిస్. మన దేశంలో 1955లో వెల్లూరు వైపు మొదట బయటపడింది. దాని వైరస్ కొంగల్లో ఉంటుంది. వరిమడి నీళ్లలో పుట్టిన క్యూలెక్స్ దోమ కొంగని కుట్టి, వెళ్లి పందిని కుడుతుంది. పంది రక్తంలో వైరస్ తెగ పెరుగుతుంది, పందికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. ఆ దోమే మనల్నీ కుడుతుంది. పాపం, పంది ఎవరినీ కరవలేదు. వైరస్ ఒంట్లో చేరినా చాలామందికి తెలియనే తెలియదు, ఏ కొద్దిమందికో మెదడు దాకా ఎక్కుతుంది.

మన రక్తంలో వైరస్ దోమకి అంటేంత ఉండదు. మనిషి నుంచి మనిషికి రాదు. ఈ ముక్క ఆరో తరగతిలో నాకు తెలియలేదు. నా జతగాడికి మెదడువాపు వస్తే, "అంటుకుంటుంది, పోకు" అన్నారు, పోలేదు. వాడు బతికాడు గానీ, గోలీల్లో మా అందరినీ ఓడించిన కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. నన్ను చూస్తే నవ్వేవాడు. ఇప్పటికీ నాకు సిగ్గే.

ఈ వైరస్‌ని చంపే మందు లేదు, టీకా ఉంది. ఈ జ్వరం ఎక్కువున్న జిల్లాల్లో తొమ్మిదో నెల నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో ఒకటి వేస్తారు. మీ కార్డులో ఉందో లేదో అమ్మని అడగండి. జ్వరంలో ఫిట్స్ వస్తే భూతవైద్యం అంటూ ఒక్క గంట కూడా పోగొట్టకూడదు, నేరుగా ఆస్పత్రికే.

ఆదివారం ఎండగా ఉన్నప్పుడు పెరట్లో కుడితితొట్టి దగ్గరికి వెళ్లండి. నీడ పడకుండా, చప్పుడు చేయకుండా వంగి చూడండి. క్యూలెక్స్ పిల్లలైతే తోక నీటిపైకి పెట్టి, తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంటాయి. ఆ తోకలోనే వాటి ఊపిరిగొట్టం. మీ నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. ఎన్ని లెక్కపెట్టగలిగారో రాయండి. రాశాక తొట్టి ఒలకబోయండి.

మీ
తాతయ్య