మెదడు మంటకు ఛాతీలోంచి పగ్గం

జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళు కాలడం ఒక్కటే కాదు. తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తుంది. దీన్నంతా నీరసం ఖాతాలో వేస్తాం గానీ, చాలావరకు ఇది మెదడు చేయించే పనే. ఒంట్లో క్రిములతో పోరు మొదలవగానే రక్తంలోకి ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లు) వచ్చిపడతాయి. ఆ కబురు అందగానే మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు తామూ అవే సైటోకైన్లను తయారుచేస్తాయి. ఇదే మెదడులోని ఇన్‌ఫ్లమేషన్, అంటే మంట. కొద్దిరోజుల్లో సద్దుమణిగితే మంచిదే. నెలల తరబడి రగులుతూ ఉంటే మాత్రం నాడీకణాలకే ముప్పు.

దీన్ని అదుపులో పెట్టేవాటిలో ఒకటి మెదడుకు దూరంగా, రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే థైమస్ గ్రంథిలో పుడుతుంది. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లోంచి థైమస్ తీసేసి, వాటి రోగనిరోధక శక్తి కుప్పకూలిందని చూపించేదాకా ఈ గ్రంథిని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు తయారయ్యేది ఇక్కడేనని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అది వదిలే పెప్టైడ్ల (అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరిన చిన్న అణువుల) సంగతే అంతగా ప్రచారంలోకి రాలేదు.

వాటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది థైములిన్. 1970లలో పారిస్‌లో జాన్-ఫ్రాన్స్వా బాక్ బృందం దీన్ని రక్తంలోంచి వేరుచేసింది. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటే ఇందులో ఉన్నవి 9. పైగా ఒక జింక్ అయాన్ వచ్చి అతుక్కుంటే తప్ప ఇది హార్మోనుగా పనిచేయదు. పెప్టైడ్ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, జింక్ లేకపోతే ఉన్నా లేనట్టే. జింక్ లోపించిన మనుషుల్లో థైములిన్ చురుకుదనం పడిపోతుందనీ, జింక్ ఇస్తే తిరిగొస్తుందనీ 1988లో ఆనంద ప్రసాద్ బృందం చూపించింది.

ఇక మెదడు విషయం. బాక్టీరియా పొర నుంచి తీసిన ఎండోటాక్సిన్‌ను ఎలుక మెదడులోని ద్రవంలోకి ఎక్కిస్తే అక్కడ సైటోకైన్లు పెరుగుతాయి, ఎలుకకు నొప్పి ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఎలుకను వేడి పలక మీద పెట్టి, ఎన్ని సెకన్లకు పాదం నాక్కుంటుందో గడియారం పట్టుకుని చూస్తారు. ముందే థైములిన్ ఇచ్చిన ఎలుకల్లో నొప్పి అంతగా పెరగలేదు, మెదడులో సైటోకైన్ల జోరూ తగ్గింది. ఈ ఫలితాలు 2003లో వచ్చాయి. లోపల జరిగేది ఇదీ: ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ మామూలుగా కణంలో కేంద్రకం బయటే కట్టేసి ఉంటుంది. ఎండోటాక్సిన్ తగలగానే కట్లు తెంచుకుని కేంద్రకంలోకి దూరి సైటోకైన్ జన్యువులను పనిలో పెడుతుంది. థైములిన్ ఆ దూకుడును తగ్గిస్తుంది.

అయితే దీన్ని మంటలార్పే మందు అనేస్తే తప్పే. అదే థైములిన్‌ను నానోగ్రాముల్లో ఎలుక పొట్టలోకి ఎక్కిస్తే నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది! మోతాదు మైక్రోగ్రాములకు పెరిగాకే మంటను తగ్గించే గుణం బయటపడింది. మోతాదును బట్టి రేపనూ గలదు, ఆపనూ గలదు. నియంత్రణ అంటే అదే కదా.

థైమోసిన్ బీటా-4 కథ వేరు. పేరులో థైమస్ ఉన్నా, ఈ 43 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒంట్లోని దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది (మొదట దొరికిన చోటును బట్టి పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది). పక్షవాతం తెప్పించిన ఎలుకలకు డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చినా కదలికలు మెరుగయ్యాయి. మంట తగ్గించడంతో పాటు, నాడీతంతువులకు తొడుగు వేసే కణాలు కొత్తగా పుట్టడానికీ ఇది సాయపడుతుంది.

ఈ ఎలుకల కబుర్లు చూపించి కొందరు ఆన్‌లైన్‌లో పెప్టైడ్ ఇంజెక్షన్లు అమ్ముతున్నారు. థైమోసిన్ బీటా-4, దాన్నుంచి రూపొందించిన టీబీ-500 క్రీడాకారులకు నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉన్నాయి. మెదడు జబ్బులకు ఇవి మనుషుల్లో ఆమోదం పొందిన మందులు కావు.

యవ్వనం నుంచే థైమస్ ముడుచుకుపోతూ, చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. రక్తంలో థైములిన్ కూడా వయసుతో పాటే తగ్గుతుంది. మైక్రోగ్లియా చీటికీమాటికీ రెచ్చిపోయేదీ ఆ వయసులోనే. ఈ రెండూ కలిసొచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తీర్మానించకూడదు. పరిశోధకులు మాత్రం థైములిన్‌కు కొద్దిపాటి మార్పులు చేసి పీఏటీ అనే నమూనా పెప్టైడ్‌ను తయారుచేసుకున్నారు. దీనితో నొప్పి పెరిగే పేచీ లేదు, తగ్గించే గుణం మాత్రం మిగిలింది. అదీ ఇప్పటికి ఎలుకల్లోనే.