లెక్కల క్లాసులో స్లైడర్ పోయి వీడియో ఎలా వచ్చింది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో పాత గొడవ మళ్లీ లేచింది. బడిలో స్మార్ట్ బోర్డు ఉన్నా లెక్కలు ట్యూషన్‌లోనే వస్తున్నాయి. పాఠం ఒడియాలో సాగుతోంది కాబట్టి తెలుగు వీడియోలు వేయమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో ఎలా కలిసిందో అందరికీ తెలిసిందే, అంత వెనక్కి పోనక్కర్లేదు. 2015 దాకా వెళితే చాలు.

అప్పటిదాకా ఆసక్తి ఉన్న లెక్కల మేస్టార్లకు నెట్‌లో జావా యాప్లెట్లు, అంటే బ్రౌజర్ పేజీలోనే నడిచే చిన్న ప్రోగ్రాములు, దొరికేవి. ఎక్స్ వర్గం ముందున్న గుణకాన్ని స్లైడర్‌తో, అంటే తెర మీద అటూ ఇటూ జరిపే మీటతో, తగ్గిస్తూ వస్తే, దోసిలిలా పైకి తెరుచుకున్న పరావలయం అనే వంపు గీత వెడల్పవుతూ పోతుంది. సున్నా దగ్గర తిన్నటి గీతైపోతుంది, దాటగానే బోర్లా పడుతుంది. సరిగ్గా సున్నా దగ్గర ఆపి "వంపు ఏమైందిరా?" అని అడిగితే క్లాసంతా అరుస్తుంది. ఆ ప్రశ్నకు ఒడియా ఎంత కావాలి, తెలుగు ఎంత కావాలి?

2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ఈ యాప్లెట్లను నడిపే జావా ప్లగిన్‌కు మద్దతు తీసేశాయి. భద్రతా లోపాలు అలాంటివి, తప్పుపట్టలేం. కానీ దాచుకున్న లింకులన్నీ ఖాళీ పెట్టెలయ్యాయి. ఈ రెండింటి మధ్యే, 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది, యాప్లెట్ ఖాళీ చేసిన చోట వీడియో కూర్చుంది. 2021లో ఒడిశా ప్రభుత్వం 5టీ అనే పాలనా సంస్కరణల కార్యక్రమం కింద హైస్కూళ్లలో స్మార్ట్ క్లాసులు పెట్టేనాటికి బోర్డంటే సినిమా తెర అన్న అలవాటు పడిపోయింది.

తల్లిదండ్రులు అడిగే తెలుగు వీడియో వల్ల మాట అర్థమవుతుంది, నిజమే. "మళ్లీ వెనక్కి లాగండి సార్" అనే పిల్లాడికి మాత్రం అందులో చోటుండదు.

పోయిన యాప్లెట్ల పని చేసేవి ఇప్పుడూ ఉన్నాయి. 2001లో ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన లెక్కల సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా కూడా జావాలోనే పుట్టింది, ఇప్పుడు ప్లగిన్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తోంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారు ఇలాంటి కదిలించి చూసే బొమ్మలు పెట్టే ఫెట్ (PhET) సైట్‌లో పైన చెప్పిన పరావలయమే 'గ్రాఫింగ్ క్వాడ్రాటిక్స్' పేరుతో ఉంది. ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది, పదో తరగతి పరీక్షలో స్లైడర్ ఇస్తారా అని హెడ్‌మాస్టర్లు అంటారు. ఇవ్వరు. వీడియో కూడా ఇవ్వరు.