సకినంలో నీటి లెక్క

సంక్రాంతికి వారం రోజుల ముందు హనుమకొండలో మా వీధి గిర్ని ముందు కాసేపు నిలబడితే, ఆ ఏడు ఎవరింట్లో ఎన్ని సకినాలు కాబోతున్నాయో లెక్క తేలిపోతుంది. తడి బియ్యం నింపిన స్టీలు గిన్నెలు, బకెట్లు, మూతకు బదులు గుడ్డ కట్టిన డబ్బాలు నేల మీద వరుసలో ఉంటాయి. వాటిని తెచ్చినవాళ్లు మాత్రం పక్కింటి అరుగు మీద ముచ్చట్లలో ఉంటారు. గిర్ని నడిపే ఆయన ఒక్కో గిన్నెలో చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం పిడికిట పట్టి చూసి, "ఇంకింత ఆరనియ్యాలె అక్కా, రాయికి పట్టుకుంటది" అని కొందరిని వెనక్కి పంపుతాడు. ఆ పిడికిలి పరీక్ష ఆయన గిర్ని రాళ్లను కాపాడుకోవడానికే అని చాలా కాలం అనుకున్నాను. నిజానికి సకినం మంచిదవుతుందా, మొండికేస్తుందా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నీళ్లు: సకినంలో పడేవి ఇవే. వీటిలో తయారైన సకినం నుంచి దాదాపు పూర్తిగా వెళ్లిపోయేది నీరొక్కటే. అయినా నానబెట్టిన రాత్రి మొదలు మూకుడులోంచి తీసే క్షణం దాకా, ఏ దశలో ఎంత నీరు ఎక్కడ నిలిచి ఉంది, అది ఎంత వేగంగా బయటపడుతోంది అన్న దాని మీదే సకినం బాగోగులన్నీ ఆధారపడతాయి.

బియ్యం రాత్రంతా నానితే కిలోకు పావు కిలోకు పైగానే నీటిని పీల్చుకుంటాయి. గింజలోని పిండి పదార్థం అతి సూక్ష్మమైన రేణువులుగా కూర్చుకుని ఉంటుంది. ధాన్యాలన్నిటిలోకీ చిన్న రేణువులు బియ్యానివే, ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు మూడు నుంచి ఎనిమిది రెట్లు మాత్రమే. అంటే తల వెంట్రుక మందంలో పది రేణువులు పక్కపక్కన సర్దుకోగలవు. ఎండు గింజను మర పట్టినప్పుడు రాళ్ల ఒత్తిడికి, వేడికి ఈ రేణువుల్లో చాలా భాగం పగిలి దెబ్బతింటాయి. నానిన గింజ మెత్తబడి ఉంటుంది కాబట్టి రేణువుల మధ్య అతుకుల దగ్గరే సులువుగా విడిపోతుంది. రేణువులు చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతాయి, పిండి కూడా అంతగా వేడెక్కదు. దెబ్బతిన్న రేణువు స్పాంజిలా నీటిని తాగి జిగురుగా మారుతుంది, సాబుతు రేణువు చల్లని నీటిని పెద్దగా పట్టించుకోదు. తడి పిండికీ పొడి పిండికీ చేతికి తెలిసే తేడా ఇదే.

ఈ తేడాను నేను ఒకసారి స్వయంగా తెలుసుకున్నాను. గిర్ని దగ్గర వరుస చూసి బద్ధకించి, దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి పొట్లం తెచ్చి, "పిండి పిండే కదా" అని వాదించి మరీ కలిపించాను. చుట్టడానికి వీలయ్యేంత మెత్తదనం రావాలంటే ఆ పిండి మామూలుకన్నా చాలా ఎక్కువ నీళ్లు అడిగింది. నూనెలో వేసిన మొదటి వాయిలో రెండు సకినాలు పేలాయి, మిగిలినవి చల్లారాక రాళ్లలా తయారయ్యాయి. మా చిన్నమ్మ ఏమీ అనలేదు. ఆ సకినాలను ఒక విడి డబ్బాలో పోసి, మూత మీద నా పేరు రాసి పెట్టింది.

ఇక పిండి కలపడం. గోధుమ పిండికి నీళ్లు తగిలితే అందులోని ప్రోటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే వలను అల్లుతాయి. చపాతీ ముద్ద సాగేది దాని వల్లనే. బియ్యంలో గ్లూటెన్ లేదు. అందుచేత సకినాల పిండి అసలైన అర్థంలో ముద్దే కాదు, తడి ఇసుక వంటిది. చిన్నప్పుడు పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుక గూళ్లు కట్టినవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు: ఎండు ఇసుక నిలవదు, నీళ్లలో మునిగిన ఇసుకా నిలవదు, రేణువుల మధ్య సన్నని నీటి పొర మాత్రమే ఉన్నప్పుడు ఆ నీటి తలతన్యత రేణువులను దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది. చిన్నమ్మ పిండిని పిడికిట నొక్కి చెయ్యి తెరిచి చూస్తుంది. వేళ్ల అచ్చులు అంచులు విరగకుండా పడాలి, అదే సమయంలో వాటి మీద నీటి మెరుపు కనిపించకూడదు. నేను కలిపిన గిన్నెలో చెయ్యి పెట్టి, "నీళ్లెక్కువైనయి కొడుకా, చూడు ఎట్ల మెరుస్తుందో" అని ఇంత పొడి పిండి చల్లింది. ఆ మెరుపు అంటే రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోయి, మిగిలిన నీరు పైకి తేలిందని అర్థం. అప్పుడు పట్టి ఉంచే సన్నని పొరలు ఉండవు, పిండి జారుతుంది.

చుట్టే పనిని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు, చేయడానికి మాత్రం నా వేళ్లు ఒప్పుకోవు. చూపుడు వేలు, మధ్య వేళ్ల మీద నిమ్మకాయంత పిండి పెట్టుకుని, బొటనవేలితో మెలితిప్పుతూ కిందికి వదిలితే పేనిన తాడులాంటి సన్నని పోగు గుడ్డ మీద వలయంగా పడుతుంది. దాని చుట్టూ మరొకటి, మళ్లీ మరొకటి, మూడు నుంచి ఐదు చుట్లు. నేను చుట్టినది వానపాములా ఉంటుందని ఇంట్లో ఏకాభిప్రాయం ఉంది. వేలి ఒత్తిడి ఉన్నంతసేపు ద్రవంలా జారి, ఒత్తిడి తీసిన వెంటనే ఘనపదార్థంలా నిలిచిపోయే గుణం టూత్‌పేస్టుకు ఉంటుంది, ఈ పిండికీ ఉంటుంది. ఇటువంటి పదార్థాలను లోతుగా పరిశీలించిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త యూజీన్ బింగ్‌హామ్, ప్రవాహాలను గురించిన ఈ శాస్త్రానికి 1920లో రియాలజీ అని పేరు పెట్టాడు. మెలిక వల్ల అందం ఒక్కటే కాదు, పోగు ఉపరితలం కూడా పెరుగుతుంది, పక్కపక్క చుట్లు గట్టుల దగ్గర మాత్రమే తగిలి మధ్యలో సందులు మిగులుతాయి. పోగు సన్నగా ఉండాలనడానికి కారణం మరింత బలమైనది: లోపలి తేమ బయటికి చేరడానికి పట్టే సమయం మందంతో పాటు సమానంగా పెరగదు, సుమారుగా మందం వర్గంతో పెరుగుతుంది. పోగు రెండింతలు లావైతే ఆరడానికి దాదాపు నాలుగింతలు సమయం కావాలి. నా వానపాములే ముందుగా ఎందుకు పేలతాయో దీనితో అర్థమైపోయింది.

ఆ గుడ్డ సంగతి కూడా చెప్పాలి. హాలంతా పరిచేది ఉతికి ఉతికి మెత్తబడిన నూలు ధోవతి లేదా పాత నూలు చీర. నూలు పోగుల సన్నని సందులు కేశనాళికల్లా పనిచేసి సకినం అడుగు నుంచి నీటిని లాగేస్తాయి, పై నుంచి జనవరి పొడి గాలి లాగుతుంది. పాలిస్టర్ బట్ట నీటిని అంతగా పీల్చదు కాబట్టి సకినం అడుగు తడిగానే ఉండి, తీయబోతే అంటుకుంటుంది. సకినం గుడ్డను వదిలి పళ్లెం మీదికి విరగకుండా వచ్చేంత ఆరాలి, కానీ బీటలు వారేంత ఆరకూడదు. గది చలిగా ఉందా, ఫ్యాను తిరుగుతుందా అన్న దాన్ని బట్టి ఈ సమయం మారుతూ ఉంటుంది, అందుకే గడియారం చూసి ఎవరూ తీయరు. అంచును వేలితో కొద్దిగా కదిపి చూసి తీస్తారు.

మూకుడులో అసలు కథ మొదలవుతుంది. నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటే, అందులో పడిన సకినం మాత్రం లోపల నీరున్నంతసేపు 100 డిగ్రీల పరిసరాలను దాటదు, ఎందుకంటే వచ్చిన వేడినంతా నీరు ఆవిరి కావడానికే వాడుకుంటుంది. కిలో నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైగా, ఆ మరిగిన నీటిని ఆవిరిగా మార్చడానికే పడుతుంది. ఒకేసారి ఎక్కువ సకినాలు వేస్తే నూనె చల్లబడేది ఇందుకే. ఈలోగా, రకాన్ని బట్టి 60 నుంచి 78 డిగ్రీల మధ్య బియ్యపు రేణువులు నీటిని తాగి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పటిదాకా తడి ఇసుకలా ఉన్నది ఒక్క ముక్కగా బిగుస్తుంది. అతుకు మంచిదే, కానీ పైపొర ముందుగా బిగుసుకుని లోపల నీరు ఎక్కువగా మిగిలితే ప్రమాదం. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు కోరుతుంది. దారి దొరకని ఆవిరి పొరను చీల్చుకుని, నూనెతో సహా బయటికి వస్తుంది. పొయ్యి దగ్గరికి పిల్లలను రానీయకపోవడం, మొదటి వాయి వేసేటప్పుడు పెద్దవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి నిలబడటం అనవసరమైన భయం కాదు. వరంగల్ వంటిళ్లలో సర్వపిండి కాల్చేటప్పుడు వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టడంలోనూ ఇదే తర్కం ఉంది: ఆవిరికి దారి, నూనెకు చోటు. సకినానికి ఆ దారిని చుట్ల మధ్య సందులే ఇస్తాయి.

నూనెలో బుడగల హోరు తగ్గి సన్నని చిటపటలు మిగిలాయంటే లోపలి నీరు చివరికి వచ్చిందని గుర్తు. అప్పటి నుంచే సకినం వేడి 100 డిగ్రీలు దాటుతుంది, రంగు మారడం మొదలవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇది. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. బియ్యంలో ప్రోటీను నూటికి ఏడు పాళ్ల పరిసరాల్లోనే ఉంటుంది, విడి చక్కెరలు మరీ తక్కువ; అందుకే శనగపిండి మురుకు ఎర్రబడేలోగా సకినం ఇంకా తెల్లగానే ఉంటుంది. ఎర్రని సకినాన్ని మా చుట్టాల్లో కొందరు మెచ్చుకుంటారు గానీ, నాకు నువ్వు మాత్రమే వేగిన రంగులో ఉండి పిండి తెల్లగా ఉన్నదే సకినం.

తీసేటప్పుడు జరిగేది చాలామంది గమనించరు. వేగుతున్నంతసేపు లోపలి నుంచి తోసుకొచ్చే ఆవిరి నూనెను పెద్దగా లోపలికి రానివ్వదు. పైకి తీసి చల్లారుతున్నప్పుడు లోపల మిగిలిన ఆవిరి మళ్లీ నీరై, ఒత్తిడి పడిపోయి, ఉపరితలానికి అంటిన నూనెను లోనికి పీలుస్తుంది. నూనె ఎక్కువగా చేరేది ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే. కాబట్టి జాలిగంటెను మూకుడు మీదే రెండుసార్లు విదిలించి, వేడిగా ఉండగానే సకినాలను పళ్లెంలో పరిచేయకుండా జల్లెడలో అంచు మీద నిలబెట్టడం వల్ల ఫలితం ఉంటుంది. చల్లారాక కాగితంతో ఎంత ఒత్తినా వచ్చేది కొంచెమే.

చల్లారిన సకినం గాజు వంటిది. నీరు చాలావరకు పోయిన పిండి పదార్థం గట్టిపడి, వంగకుండా పుటుక్కున విరుగుతుంది. ఆ విరిగే చప్పుడునే మనం కరకర అంటాం. గాలిలోని తేమ కాస్త చేరినా ఆ గాజు గుణం పోయి తోలులా సాగుతుంది, కనుకనే జనవరిలో మూత తీసి ఉంచినా నిలిచిన సకినం జులై ముసురులో ఒక్క పూటలో మెత్తబడుతుంది. మెత్తబడిన దాన్ని సన్నని సెగ మీద పెనంలో వేడి చేసి చల్లారనిస్తే తిరిగి కరకరలాడుతుంది. కమురు వాసన వస్తే మాత్రం చేయగలిగింది లేదు, అది నూనె గాలితో కలిసి చెడిన గుర్తు.

ఇన్ని దశల్లో, ఇంతమంది చేతుల మీదుగా, చుక్క చుక్క నీటినీ బయటికి పంపించి డబ్బాలో దాచిన సకినాన్ని మరునాడు పొద్దున మేము చేసే పని, విరిచి వేడి చాయ్‌లో ముంచడం. రెండు సెకన్లలో అది మళ్లీ నీళ్లు తాగేస్తుంది. మూడో సెకను దాకా ఆగితే గ్లాసు అడుగున వెతుక్కోవాలి.