టాప్ క్యారియర్ ట్రాక్‌లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకు టాప్ క్యారియర్లు, వాటి కింద పొడవాటి అల్యూమినియం ట్రాక్‌లు బిగించడం మా పని. మారేడుమిల్లి ట్రిప్‌కి ముందు హడావుడిగా వచ్చేవాళ్లు రోజూ అడిగే మాటలివి.

అపోహ: ట్రాక్ బిగించడానికి రూఫ్‌కి రంధ్రం పెడితే వానకు కారడం ఖాయం.

బండి కారిందంటే, రంధ్రం పెట్టాక చేయాల్సిన పని ఎవరో ఎగ్గొట్టారన్నమాట. డ్రిల్ చేశాక అంచు గరుకు తీయాలి. ఇనుప రజను గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, వదిలేస్తే నాలుగు వానలకే పెయింట్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి, వాక్యూమ్‌తో లాగేయాలి. బయటపడ్డ లోహానికి ప్రైమర్, అది ఆరాక టచప్ పెయింట్, ఆ తర్వాతే రివెట్ నట్ (రేకును పట్టుకుని ఉండి, బోల్టుకు మర ఇచ్చే నట్). సీలెంట్ పాలీయూరిథేన్‌దే వాడండి. వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, అది రేకును తినేస్తుంది. లోపలి లైనింగ్ తిరిగి బిగించకముందే పైపుతో పదిహేను నిమిషాలు నీళ్లు పట్టించి, ఒక్కో నట్ కింద వేలు పెట్టి చూడండి. లైనింగ్ వేసేశాక లీకు పట్టుకోవడం నరకం. రంధ్రం ముందు సీటు పైన ఉంటే, నీళ్లు లోపల్లోపలే పాకి వెనక లైటు దగ్గర కారతాయి.

లైనింగ్ దించకుండానే పని అయిపోతుందనే మెకానిక్‌కి మాత్రం బండి ఇవ్వకండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న బళ్లలో అవి తలుపుల పైన, రూఫ్ అంచు వెంబడే మడతపెట్టి ఉంటాయి. లోపల ఏముందో చూడకుండా డ్రిల్ దింపడం ప్రాణాలతో చెలగాటం.

అపోహ: ట్రాక్ ఎంత గట్టిదైతే అంత బరువు వేయొచ్చు.

ట్రాక్ డబ్బా మీద 150 కిలోలని ఉన్నా, బండి మాన్యువల్‌లో రూఫ్ లోడ్ 75 అని ఉంటే 75కే కట్టుబడాలి. ట్రాక్, క్యారియర్ బరువు కూడా అందులోనే. ఇనుప క్యారియర్ 35 కిలోలు తూగితే మీకు మిగిలేది 40, అంటే ఒక్క మిర్చి టిక్కీ (బస్తా). పైన బరువు పెరిగేకొద్దీ ఘాట్ మలుపుల్లో బండి ఒరుగుతుంది, బ్రేకు దూరమూ పెరుగుతుంది.

"రూఫ్ మీది టెంట్‌లో ఇద్దరం పడుకుంటే ఏం కాలేదు కదా" అంటారు. ఆగి ఉన్న బండి రూఫ్ మోసే బరువు వేరు, గుంతల్లో ఎగిరే బండి మోసేది వేరు. మాన్యువల్‌లో ఉన్నది సాధారణంగా ప్రయాణంలో వేయదగిన బరువు.

అపోహ: బోల్టు ఎంత బిగిస్తే అంత మంచిది.

అతిగా బిగిస్తే రివెట్ నట్ రేకులోనే గిర్రున తిరగడం మొదలెడుతుంది. ఇక అది బిగియదు, ఊడిరాదు; కోసి తీయాల్సిందే. ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో, ట్రాక్ కంపెనీ ఇచ్చిన లెక్కకే బిగించాలి.

రంధ్రాలకు డబ్బు పెట్టేముందు, మీ మోడల్‌కి కంపెనీయే మౌంటింగ్ పాయింట్లు ఇచ్చిందేమో చూడండి. కొన్ని బళ్లకు రూఫ్ మీది రబ్బరు బీడింగ్ కింద సిద్ధంగా ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే కాబట్టి, పని మొదలెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఒక మాట కనుక్కోండి. మొదటి ట్రిప్ నుంచి రాగానే బోల్టులన్నీ మళ్లీ రెంచ్‌తో చూడాలి, దానికి మేం డబ్బులు తీసుకోం.