పిల్లల ఐసీయూలో నైతిక క్షోభ: ఒక కొలమానం వెనుక కథ

పిల్లల ఐసీయూల్లో పనిచేసే నర్సులకూ డాక్టర్లకూ పరిశోధకులు ఇచ్చే ఒక ప్రశ్నపత్రంలో 21 వాక్యాలుంటాయి. వాటిలో ఒకదాని సారాంశం ఇది: బిడ్డకు మేలు చేయదని నాకు తోస్తున్నా, కుటుంబం కోరిందని ప్రాణాధార చికిత్సను కొనసాగించడం. ఇలాంటి పరిస్థితి ఎంత తరచుగా ఎదురైందో చెప్పడానికి సున్నా నుంచి 4 లోపు ఒక అంకె వేయాలి. అది ఎంత బాధపెట్టిందో చెప్పడానికి మళ్లీ సున్నా నుంచి 4 లోపు ఇంకో అంకె వేయాలి. రెండింటినీ హెచ్చవేసి, 21 వాక్యాలకూ వచ్చిన లబ్ధాలను కూడితే ఆ మనిషి స్కోరు తేలుతుంది. అది సున్నా నుంచి 336 దాకా ఎంతైనా కావచ్చు. అంతరాత్మ పడే బాధను, అంటే నైతిక క్షోభను, ఇలా ఎక్కాల్లోకి దించవలసిన అవసరం ఎందుకొచ్చిందో, ఆ వాక్యాలు ఎవరి అనుభవంలోంచి పుట్టాయో తెలుసుకోకుండా ఈ స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కథ యంత్రాలతో మొదలవుతుంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను పోలియో మహమ్మారి ముంచెత్తినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు, ఊపిరాడక చావుకు దగ్గరైన 12 ఏళ్ల బాలిక గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి అందించాడు. ఆ పిల్ల బతికింది. తర్వాతి నెలల్లో వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని అలాగే సంచులు నొక్కారు. మూడేళ్లకు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పిల్లల కోసమే ఒక ఐసీయూ వెలిసింది, 1967లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మరొకటి వచ్చింది. అంతకుముందు వైద్యుడి ముందున్న ప్రశ్న బిడ్డను ఎలా బతికించాలన్నది ఒక్కటే. వెంటిలేటర్ వచ్చాక ఎప్పుడు ఆపాలన్న రెండో ప్రశ్న వచ్చి పడింది. దానికి జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఆ రెండో ప్రశ్న చాలాకాలం వార్డు గోడలు దాటలేదు. 1973లో యేల్–న్యూ హేవెన్ ఆసుపత్రికి చెందిన డఫ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు దాన్ని బయటపెట్టారు. తమ నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో జరిగిన 299 మరణాల్లో 43 మరణాలు చికిత్సను ఆపడం లేదా అసలు మొదలుపెట్టకపోవడం వల్ల సంభవించాయని వారు ఒక వైద్య పత్రికలో రాశారు. అందరికీ తెలిసి, ఎవరూ నోరు విప్పని విషయం అలా అచ్చులోకి వచ్చింది.

తొమ్మిదేళ్ల తర్వాత అదే ప్రశ్న కోర్టుకెక్కింది. 1982 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఒక బిడ్డకు అన్నవాహిక సరిగా ఏర్పడలేదు. శస్త్రచికిత్స వద్దని తల్లిదండ్రులు నిర్ణయించారు, న్యాయస్థానాలు అడ్డు చెప్పలేదు, ఆరో రోజున బిడ్డ కన్నుమూసింది. చట్టం రికార్డుల్లో ఆ బిడ్డ పేరు ‘బేబీ డో’. దీనిపై రేగిన దుమారం తర్వాత, 1983లో రీగన్ ప్రభుత్వం వైకల్యమున్న శిశువులకు ఆహారం, వైద్యం నిరాకరించడం చట్టవిరుద్ధమంటూ ఒక నోటీసును, ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరుతో సహా ఆసుపత్రుల్లో అంటించాలని ఆదేశించింది. ఆ నోటీసు కింద ఎనిమిది, పన్నెండు గంటలు నిలబడి పనిచేసేది నర్సు. నిర్ణయం తనది కాదు. ఆ నిర్ణయాన్ని తన చేతులతో అమలు చేయాలి, తప్పనిపిస్తే తోటివారి మీదే ఫోన్ చేయాలి. ఆ నిబంధనలు తర్వాత న్యాయస్థానాల్లో నిలబడలేదు. 1986లో అమెరికా సుప్రీంకోర్టు కూడా వాటికి వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది.

ఈ బాధకు పేరు పెట్టింది వైద్యుడు కాదు, ఆండ్రూ జేమ్టన్ అనే తత్వవేత్త. నర్సుల వృత్తిలోని నైతిక సమస్యల మీద 1984లో వెలువరించిన పుస్తకంలో ఆయన ఒక తేడా చూపించాడు. ఏది సరైనదో తేలక కొట్టుమిట్టాడడం ఒకటి. దానికి మనకు ధర్మసంకటం అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఏది సరైనదో తెలిసి కూడా సంస్థ కట్టుబాట్ల వల్ల దాన్ని చేయలేకపోవడం రెండోది. నైతిక క్షోభ అని ఆయన అన్నది ఈ రెండోదాన్నే. ఇందులో అర్జునుడి సందేహం కంటే, నిండు సభలో అన్యాయమని తెలిసీ మాట పెగలని, వికర్ణుడు తప్ప మిగతా కౌరవ సభికుల స్థితి ఎక్కువ.

పేరు దొరికాక కొలత వచ్చింది. మేరీ కోర్లీ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1990లలో ఐసీయూ నర్సుల కోసం రూపొందించిన తొలి కొలమానంలో 32 వాక్యాలుండేవి, ఒక్కోదానికి ఏడు మెట్లు. అమెరికాలోని పలు ఆసుపత్రులకు చెందిన 214 మంది నర్సులతో ఆమె బృందం చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. అందులో అత్యధిక సగటు, 7కు 5.47, వచ్చిన వాక్యం చావుబతుకుల నిర్ణయాల గురించినది కాదు. సిబ్బంది చాలక రోగులకు ప్రమాదకరమైన పరిస్థితిలో పనిచేయవలసి రావడం గురించినది. నైతికత అనగానే వెంటిలేటర్ తీయాలా వద్దా అన్న గంభీరమైన చర్చ వైపే చూసేవారికి, డ్యూటీ చార్టే నైతిక ప్రశ్న అని ఆ అంకె చెప్పింది. దాన్ని పట్టించుకోవడానికి పరిశోధకులకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. నైతిక క్షోభ వల్ల గతంలో ఒక ఉద్యోగం వదిలేశామని చెప్పినవారు అదే అధ్యయనంలో 15 శాతం.

పిల్లల వార్డుల సంగతి విడిగా బయటపడింది 2005లో. ఏడు ఆసుపత్రుల్లో 781 మంది వైద్యులనూ నర్సులనూ అడిగి, మిల్డ్రెడ్ సాలమన్ బృందం ఆ ఫలితాలను ప్రచురించింది. ‘కాపాడకూడని పిల్లలను కాపాడుతున్నామని ఒక్కోసారి అనిపిస్తుంది’, ‘పిల్లల మీద మరీ తొందరగా ఆశ వదులుకుంటున్నామని ఒక్కోసారి అనిపిస్తుంది’ అనే రెండు వాక్యాలను వారి ముందుంచారు. మొదటిదాన్ని ఒప్పుకున్నవారి సంఖ్య రెండోదాన్ని ఒప్పుకున్నవారి కంటే నర్సుల్లో దాదాపు 20 రెట్లు, శిక్షణలో ఉన్న డాక్టర్లలో 15 రెట్లు, సీనియర్ డాక్టర్లలో 10 రెట్లు ఎక్కువ. చికిత్సను నిర్ణయించే అధికారం తగ్గేకొద్దీ, మంచం పక్కన గడిపే గంటలు పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి పెరగడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

2012లో ఆన్ హామ్రిక్ బృందం కోర్లీ కొలమానాన్ని సవరించి 21 వాక్యాలకు కుదించింది. నర్సులకు, డాక్టర్లకు, ఇతర ఆరోగ్య సిబ్బందికి వేర్వేరు పత్రాలు, వాటిలో మళ్లీ పెద్దల వార్డులకు, పిల్లల వార్డులకు వేర్వేరు పాఠాలు, మొత్తం ఆరు తయారయ్యాయి. క్షోభ నర్సులది మాత్రమే కాదని ఆ విభజనే ఒప్పుకున్నట్టయింది. పైన చెప్పిన హెచ్చవేత కూడా ఈ పత్రంలోదే, దానిలో ఒక చిక్కుంది. వారానికి నాలుగు రోజులు ఎదురయ్యే చిన్న చికాకుకు తరచుదనంలో 4, బాధలో 1 వేస్తే లబ్ధం 4. ఏళ్ల తరబడి నిద్ర పట్టనివ్వని ఒకే ఒక రాత్రికి తరచుదనంలో 1, బాధలో 4 వేసినా లబ్ధం 4. పిల్లల ఐసీయూలో మనుషులను విరిచేసేవి ఎక్కువగా ఆ రెండో రకం రాత్రులే. ఉద్యోగం మానేశారా, మానేయాలనుకున్నారా అనే ప్రశ్నను పత్రం చివర ఉంచడం కొంత నయం, ఎందుకంటే అంకెల్లో అణిగిపోయినది అక్కడ కాస్త బయటపడుతుంది.

ఆ రాత్రులు మనసులో ఏం చేస్తాయో 2009లోనే ఎలిజబెత్ ఎప్‌స్టైన్, హామ్రిక్ వివరించారు. ఒక సంఘటన ముగిశాక క్షోభ తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. గిన్నె అడుగున మడ్డిలా కొంత మిగిలిపోతుంది. తర్వాతి సంఘటన ఆ మడ్డి మీదే మొదలవుతుంది కాబట్టి ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. దీనికి వారు పాశ్చాత్య సంగీతం నుంచి క్రెసెండో, అంటే ధ్వని క్రమంగా పెరుగుతూ పోవడం, అనే మాట తీసుకున్నారు. ఏడాదికొకసారి ఇచ్చే ప్రశ్నపత్రానికి ఈ పేరుకుపోవడం సరిగా చిక్కదు. గత రెండు వారాల్లో ఎలా ఉందో సున్నా నుంచి 10 లోపు ఒకే గీత మీద గుర్తుపెట్టమనే ‘థర్మామీటర్’ 2013లో వచ్చింది. వాడడం సులువు, కారణం మాత్రం చెప్పదు.

2019లో ఎప్‌స్టైన్, హామ్రిక్, వారి సహచరులు కొత్త కొలమానం తెచ్చారు. ఇందులో అన్ని వృత్తులకూ ఒకే పత్రం, 27 వాక్యాలు, గరిష్ఠ స్కోరు 432. సిబ్బంది కొరత, పడకలు చాలకపోవడం, రాతకోతల భారంతో రోగి సంరక్షణ దెబ్బతినడం వంటి సంస్థాగత కారణాలకు ఇందులో ఎక్కువ చోటిచ్చారు. కోర్లీ పట్టికలోని ఆ 5.47 అప్పటికి తన స్థానం సంపాదించుకుంది.

అయినా అసలు వివాదం తీరలేదు. జేమ్టన్ నిర్వచనంలో ‘ఏది సరైనదో తెలిసి’ అనే మాట ఉంది. పెద్దలైతే ఎప్పుడో ఏదో చెప్పి ఉంటారు. పసిబిడ్డ ఏం కోరుకుంటుందో ఎవరికి తెలుసు? నర్సుకు హింసగా కనిపించే చికిత్స తల్లికి ఇంకో వారం ఆశ. 24 వారాలకే పుట్టిన శిశువు ఎలా ఎదుగుతుందో పక్కాగా చెప్పగలవారు లేరు. అందుకే అనిశ్చితి వల్ల కలిగే బాధను కూడా నైతిక క్షోభగా లెక్కించాలని గత దశాబ్దంలో పలువురు నీతిశాస్త్రవేత్తలు వాదించారు. పిల్లల వార్డులో ధర్మసంకటాన్నీ క్షోభనూ వేరు చేసే గీత నిలవదనే నా అభిప్రాయం కూడా. 2017లో లండన్‌లో చార్లీ గార్డ్ అనే పసివాడి చికిత్స విషయమై తల్లిదండ్రులకూ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రికీ మధ్య కోర్టు వ్యాజ్యం నడిచినప్పుడు, ఆ ఆసుపత్రి సిబ్బందికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. అపరిచితుల కోపాన్ని మోస్తూ అదే బిడ్డకు సేవ చేయడం ఏ పాత వాక్యంలోనూ ఇమడదు.

మన దేశానికి వస్తే వాక్యాలే తలకిందులవుతాయి. చికిత్స ఆపుదామని వైద్యులు, ఆపవద్దని కుటుంబం; ఈ తగాదాను మనసులో పెట్టుకుని రాసినది ఆ 21 వాక్యాల పత్రం. ఖర్చు గురించిన వాక్యం అందులో ఉన్నా, ఆ ఒత్తిడి యాజమాన్యం నుంచో బీమా కంపెనీ నుంచో వస్తుంది. ఇక్కడ ఖర్చు చాలాచోట్ల నేరుగా కుటుంబం మీద పడుతుంది. కోలుకునే అవకాశమున్న బిడ్డను కూడా డబ్బు అయిపోయి ఇంటికి తీసుకెళ్లడాన్ని మన ఆసుపత్రుల్లో ‘లామా’ అంటారు, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లడం. కేస్ షీటు మీద ఆ మాట రాసి, తండ్రి చేత సంతకం పెట్టిస్తారు. నోట్లో గొట్టం అలాగే ఉంచి, దారిలో ఊపిరి ఆగకుండా చేత్తో నొక్కడానికి అంబు బ్యాగును బంధువుల చేతికిచ్చి, ఎలా నొక్కాలో నర్సు నేర్పించే సందర్భాలూ ఉంటాయి. 1952లో కోపెన్‌హాగెన్‌లో బిడ్డను బతికించిన సంచి లాంటిదే అది. ఆ రాత్రి డ్యూటీ దిగాక ఆమెకు ఈ 21 వాక్యాల పత్రం ఇస్తే, తాను చేసిన పనికి ఏ వాక్యం పక్కన అంకె వేయాలో ఆమెకు దొరకదు.