సిగ్నల్ టైమ్ పెంచితే జామ్ పోతుందా? చౌరస్తాల గురించి అపోహలు - వాస్తవాలు

ట్రాఫిక్ ఇంజినీర్ని అని చెప్పగానే ఎవరైనా తమ ఇంటి దగ్గరి చౌరస్తాకు ఓ ఉపాయం చెబుతారు. పెళ్లిళ్లలో మరీను. ఈమధ్య హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు వైపు ఒక చౌరస్తాలో మూడు రోజులు బండ్లు లెక్కపెట్టాం. పక్కన చాయ్ బండి దగ్గర విన్న మాటలే ఇవన్నీ.

అపోహ: గ్రీన్ టైమ్ పెంచితే జామ్ తగ్గుతుంది.

అందరూ అనేది ఇదే, అందుకే కాస్త లెక్క చెబుతాను. నాలుగు వైపులకూ విడివిడిగా గ్రీన్ ఇచ్చేచోట, వంతు మారిన ప్రతిసారీ అయిదు సెకన్లదాకా ఎవరికీ పనికిరాకుండా పోతాయి. ముందు బండి కదలడానికి కొంత, ఎల్లోలో కొంత, అన్నివైపులా రెడ్ ఉండే క్షణాలు కొన్ని. అంటే నాలుగు వైపులకూ ఒక్కో వంతు వచ్చేలోగా, ఒక రౌండుకు, 20 సెకన్లు. 120 సెకన్ల రౌండులో 100 పనికొస్తాయి, అంటే 83 శాతం. రౌండును 180కి లాగితే 160 పనికొస్తాయి, 89 శాతం. ఈ ఆరు శాతం కోసం ఒక్కో వైపు రెడ్‌లో నిలబడే సమయం దాదాపు 95 సెకన్ల నుంచి 140కి పోతుంది. ఆలోగా రైట్ తీసుకునేవాళ్ల వరుస వెనక్కి పెరిగి, నేరుగా వెళ్లే లేన్‌ను కూడా మూసేస్తుంది. ఇక గ్రీన్ వెలుగుతున్నా ముందు రోడ్డు ఖాళీగానే ఉంటుంది. రౌండు ఎంత ఉండాలో లెక్కగట్టే సూత్రాన్ని బ్రిటిష్ పరిశోధకుడు వెబ్‌స్టర్ 1958లోనే ఇచ్చాడు. ఇప్పటికీ మేం మొదట వేసేది ఆ లెక్కే.

మరి గ్రీన్ ఎక్కడ పోతోంది? బండ్ల లెక్క కోసం మేం తీసిన వీడియోలో ఒకచోట చూడండి. ఏడు టూవీలర్లు జీబ్రా మీద ఉన్నాయి, ఒక షేర్ ఆటో దాన్నీ దాటేసి నిలబడింది. దగ్గరి సిగ్నల్ స్తంభం వాళ్ల వీపు వెనక్కి పోయింది. ఎదుటి వైపు స్తంభానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. గ్రీన్ పడిన సంగతి ఆటో అతనికి వెనకవాళ్ల హారన్ వల్ల తెలిసింది. అప్పటికి అయిదు సెకన్లు అయిపోయాయి. లేన్‌కు రెండు సెకన్లకో కారు చొప్పున మూడు లేన్లలో ఏడు కార్లు దాటిపోయే సమయం అది. ఫ్లెక్సీ తీసేయడానికి పైసా ఖర్చు లేదు, నిచ్చెన ఉంటే చాలు.

2022లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు రోడ్డు మీది అడ్డంకులు తీసే ఆపరేషన్ రోప్ మొదలుపెట్టి స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కు (రెడ్‌లోనూ ఎడమకు తిరగనిచ్చే దారికి) అడ్డం నిలిస్తే 1000 రూపాయల చలాన్ అన్నప్పుడు మా కాలనీ గ్రూపులో పోలీసుల్ని తెగ తిట్టారు. నాకైతే ఆ రెండూ సరైన చోట పడ్డ దెబ్బలే అనిపించాయి.

అపోహ: ఎడమకు ఎప్పుడైనా తిప్పుకోవచ్చు.

ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు ఉన్నచోటే. లేనిచోట రెడ్ అంటే లెఫ్ట్‌కూ రెడ్డే. బోర్డు ఉన్నా, దాటుతున్న మనిషిదే ముందు వంతు.

అపోహ: చౌరస్తా మూసేసి యూటర్న్‌లు పెడితే గొడవ ఉండదు.

ఇందులో సగం నిజం ఉంది. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు 32 చోట్ల ఒకదాన్నొకటి తగులుతాయి. మూసేస్తే వాటిలో ఎదురెదురుగా కోసుకునేవి, అంటే ప్రాణం మీదికి తెచ్చేవి, బాగా తగ్గుతాయి. కానీ పెద్ద బస్సు ఒకే ఊపులో తిరగాలంటే 24 మీటర్ల వెడల్పు కావాలి. మన మూడు లేన్ల రోడ్డు ఒక వైపు పదిన్నర మీటర్లు, డివైడర్ మీటరో మీటరున్నరో. బస్సు సగం తిరిగి రివర్స్ పెట్టుకుంటే వెనక రోడ్డంతా ఆగిపోతుంది. పైగా యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటే పాల బండి అతను అంతదూరం ఎందుకు పోతాడు? రాంగ్ రూట్‌లో వస్తాడు. తప్పు అతనిదే, కానీ డ్రాయింగ్‌లో నేను గీయకుండా వదిలేసిన దారి అది.

అపోహ: ఫ్లైఓవర్ వస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఎస్సార్డీపీ అనే నగర రోడ్ల అభివృద్ధి పథకం కింద ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. నేరుగా పోయేవాళ్లకు హాయి. రైట్ తిరిగేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, నడిచి దాటేవాళ్లు కిందనే ఉన్నారు.

అపోహ: జామ్ అయ్యే చౌరస్తాలే ప్రమాదకరం.

జామ్‌లో అద్దాలు పగులుతాయి, మాటలు తూలుతాయి. ప్రాణం మీదికి తెచ్చే స్పీడు వచ్చేది రాత్రి సిగ్నల్ బ్లింకర్‌లో పెట్టి, అంటే లైటు వెలిగి ఆరుతూ మాత్రమే ఉండి, రోడ్డు ఖాళీ అయినప్పుడు. 40లో వచ్చే కారుకన్నా 60లో వచ్చే కారు గుద్దే శక్తి రెండింతలు దాటుతుంది. మూలను గుండ్రంగా, వెడల్పుగా మలిస్తే పగలు లెఫ్ట్ తిరగడం సులువవుతుంది, రాత్రి అక్కడే స్పీడు తగ్గకుండా తిప్పేస్తారు. రోడ్డు వెడల్పు చేశామని మురిసిపోయినచోటే ఇది జరుగుతుంది.

అపోహ: నడిచేవాళ్లకు ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే చాలు.

ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మెట్రో స్టేషన్‌కు దారి ఉంది. అందుకే జనం ఎక్కుతారు. మెట్లు మాత్రమే ఉన్న బ్రిడ్జిని మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఎక్కదు. 24 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు మనిషికి 20 సెకన్లు, అవ్వకు 30. మేం చూసిన చౌరస్తాలో నడిచేవాళ్లకు ఇచ్చింది 12. స్కూలు బ్యాగు భుజానేసుకున్న ఒకావిడ, పిల్లాణ్ని ముందుకు తోసి పట్టుకుని, రెండడుగుల డివైడర్ మీద పక్కకు తిరిగి నిలబడింది. బస్సు అద్దం ఆమె చున్నీని రాసుకుంటూ పోయింది.

డివైడర్‌ను అక్కడ రెండు మీటర్లకు పెంచాలని, నడిచేవాళ్ల గ్రీన్ 25 చేయాలని రాసిచ్చాం. గ్రీన్ ఆ వారమే మారింది. డివైడర్ ఫైలు నడుస్తోంది. మూలమీద బస్టాపు జరపడానికి షాపులవాళ్లు ఒప్పుకోవడం లేదు, సోమవారం మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తున్నా.